పద్దెనిమిది నిండిన తర్వాత

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాస పాఠం)



దుర్గాబాయమ్మ గారి పేరు చెప్పగానే ఎవరికైనా 1923 నాటి కాకినాడ కాంగ్రెస్ మహాసభ గుర్తొస్తుంది. టికెట్ లేదని నెహ్రూ గారంతటివారిని ప్రదర్శన వాకిట్లో నిలిపేసిన పిల్ల కథ మీ అందరికీ వచ్చు. మళ్ళీ అదే చెప్పి మీ సమయం తినను. ఆమె జీవితంలో అంతగా ప్రచారంలోకి రాని 1954వ సంవత్సరం దగ్గర మొదలుపెడతాను.

అంతకు ముందు ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఆమె దానికి తొలి అధ్యక్షురాలు. దేశంలో అనాథాశ్రమాలు, శరణాలయాలు, దిద్దుబాటు బళ్ళు అప్పటికే చాలా ఉన్నాయి. లోపలికి తీసుకున్నవాళ్ళకి ఎంత పెట్టారు, ఏం నేర్పారు అన్న లెక్కలు ఉండేవి. బయటికి పంపినవాళ్ళు ఏమయ్యారన్నది మాత్రం ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు. 1954లో ఆ బోర్డు రెండు సలహా సంఘాలు వేసింది. ధన్వంతి రామారావు గారి అధ్యక్షతన ఒకటి, పడుపు వృత్తిలోకి నెట్టేసిన స్త్రీల సమస్యని చూసింది. సమాజశాస్త్రవేత్త ఎం.ఎస్.గోరే గారి అధ్యక్షతన రెండోది, సంస్థల్లోంచి బయటికొచ్చేవాళ్ళ బాగోగులు ఎవరు చూడాలన్నది పరిశీలించింది. రెండో పంచవర్ష ప్రణాళికలో రాష్ట్రాల్లో ఆఫ్టర్ కేర్ (సంస్థ వదిలాక సంరక్షణ) గృహాలు వెలవడానికి ఆ నివేదికలే దారి వేశాయి. పాతవాళ్ళు ఇప్పటికీ ‘స్టేట్ హోమ్’ అని పిలుచుకునే చోట్లు ఆ కాలపు పథకాల సంతతే.

ఆ సంఘాలు వేసి డెబ్భై ఏళ్ళు దాటింది. హోముల్లో పెరిగిన పిల్లలకి పద్దెనిమిది నిండాక ఏమవుతోంది? ఈ పూట నా ఉపన్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నేను చెప్పదలుచుకున్నదీ ఒక్కటే. ఈ పిల్లల్ని సమాజానికి ఎడంగా నిలబెట్టేది వాళ్ళ పేదరికం ఒక్కటే కాదు, వెనక నిలబడే మనిషి లేకపోవడం. ఆ మనిషిని సమకూర్చే పనిని దయాధర్మం పద్దులోంచి తీసి ప్రభుత్వ బాధ్యతల పద్దులో రాయాలి. అదీ కనీసం 25 ఏళ్ళ దాకా.

ఎవరీ పిల్లలు?

హోములో పిల్లలంటే అనాథలే అనుకుంటాం. బాలల సంక్షేమ సమితి బెంచీ మీద కొన్నాళ్ళు కూర్చుంటే ఆ అభిప్రాయం మారుతుంది. ఎదుట నిలబడ్డ చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. తండ్రి తాగి చచ్చిపోయి, తల్లి వేరే మనువు చేసుకుంటే కొత్త ఇంట్లో చోటు దొరకనివాడు ఒకడు. అమ్మమ్మ పెంచుతుంటే ఆ ముసలావిడా పోయి ఒంటరైపోయినది ఒకతె. ఇటుక బట్టీల్లోంచి తెచ్చినవాళ్ళు, రైలెక్కి సికింద్రాబాదులోనో బెజవాడలోనో దిగినవాళ్ళు, సొంత ఇంట్లోనే భద్రత లేక బయటికి తీసుకురావలసి వచ్చిన ఆడపిల్లలు. అనాథ అన్న మాట వీళ్ళలో కొందరికే సరిపోతుంది. మిగిలినవాళ్ళకి మనుషులు ఉండీ లేనట్టే.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పద్దెనిమిది నిండగానే ఫైల్లో ‘కుటుంబానికి అప్పగించడమైనది’ అని రాసి ముగించడం చాలా సులువు. ఏ ఇంట్లోంచి పిల్లని కాపాడి తెచ్చామో, పదేళ్ళ తర్వాత అదే ఇంటికి ఆమెని పంపి పునరావాసం అంటున్నాం. కాగితం మీద అది విజయం కిందే జమవుతుంది.

మనకి ఇలాంటి సంస్థలు కొత్త కాదు. హైదరాబాదు సరూర్‌నగర్‌లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన మహలులో విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే నడిచింది. 1920లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో బాలల చట్టం వచ్చింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. 1971లో పి.వి.నరసింహారావు గారి హయాంలో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం వెలిసింది. ఆ తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. పిల్లల్ని చేరదీసి, తిండి పెట్టి, చదువు చెప్పించే విద్య మన ప్రభుత్వాలకి బాగానే పట్టుబడింది. అయితే గురుకులం పిల్లకి సెలవులిస్తే వెళ్ళడానికి ఊరుంటుంది. తాండాలోనో వాడలోనో పూరిల్లయినా సరే, బిడ్డ వస్తోందని ఎదురుచూసే తల్లి ఉంటుంది. హోము పిల్లకి హోమే ఊరు. దసరాకి అందరూ వెళ్ళిపోయాక కాలేజీ హాస్టల్లో ఒంటరిగా మిగిలే పిల్ల ఎవరో వాకబు చేయండి, నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో తెలుస్తుంది.

ఓటీపీ ఎవరి ఫోనుకి వెళ్తుంది?

దగ్గర నుంచి చూసిన ఒక సంగతి చెబుతాను. ఇంటర్ పాసై నర్సింగులో చేరదామనుకున్న అమ్మాయి. హోము వదిలి కొన్ని నెలలైంది. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఒక గదిలో ఉంటోంది. దరఖాస్తుకి సర్టిఫికెట్ కావలసొచ్చి మీసేవకి వెళ్ళింది. అక్కడి కుర్రాడు ఆధార్ నంబరు కొట్టి, “ఓటీపీ చెప్పండి” అన్నాడు. ఆమె ఫోనుకి ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ రాలేదు. అప్పుడు వెలిగింది ఆమెకి. ఆధార్ తీయించిన రోజున ఇచ్చిన నంబరు అప్పటి సూపరింటెండెంట్ మేడమ్‌ది. ఆ మేడమ్ బదిలీ మీద వెళ్ళి ఏళ్ళయింది. ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు.

నిజానికి ఇది పెద్ద చిక్కేం కాదు. ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్ర వేస్తే ఫోన్ నంబరు మారుతుంది. ఆ ముక్క చెప్పే అన్నో బాబాయో ఇంట్లో ఉంటే ఒక్క పూటలో పని మొదలయ్యేది. ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. తెలుసుకుని, మార్పించుకుని, అది నమోదయ్యేసరికి దరఖాస్తు గడువు దాటింది. అడ్రసు మార్చుకోబోతే ఇంకో తంటా. అద్దె ఒప్పందం కావాలన్నారు. ముగ్గురు ఆడపిల్లలకి గది ఇచ్చిన ఇంటావిడ కాగితం రాసివ్వనంది. అద్దె కాగితం లేనివాళ్ళకి ఇంకో మార్గం ఉంది, ఇంటిపెద్ద తన ఆధార్‌తో ఒప్పుకుంటే చాలు. ఇంటిపెద్దే ఉంటే ఆమె అక్కడ ఆ వరసలో ఎందుకు నిలబడుతుంది?

ఇలాంటివి కూడబెడితే పెద్ద జాబితా అవుతుంది. మైనరుగా సూపరింటెండెంట్ పేరుతో జంటగా తెరిచిన బ్యాంకు ఖాతా మేజరు కాగానే స్తంభిస్తుంది. వైద్యులు అంచనా కట్టిన పుట్టినతేదీ ఒక కాగితంలో ఒకటీ, బడి రికార్డులో ఇంకొకటీ ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీ. తండ్రి పేరు దగ్గర చిన్న గీత. కులం సర్టిఫికెట్‌కి తహసీల్దారు ఆఫీసులో “మీ నాన్న సర్టిఫికెట్ తెచ్చావా?” అన్న ప్రశ్న. ఉద్యోగంలో చేరితే ఇద్దరు పూచీదారులు. ఆపరేషనంటే ఆస్పత్రిలో సంతకం. ప్రతి గడప దగ్గరా వ్యవస్థ అడిగే మొదటి మాట ఒకటే, “మీ వాళ్ళెవరు?”

మనలాంటివాళ్ళకి ఆ ప్రశ్న వినపడదు. అడక్కముందే జవాబు మన వెంట వస్తుంది కాబట్టి. తండ్రి పేరు, ఊరి పేరు, మేనమామ పలుకుబడి, వీధిలో పరువు, ఇవన్నీ మనం కష్టపడి సంపాదించుకున్నవి కావు. పుట్టుకతో వచ్చిన అండ. వెలి అంటే ఊరి బయటికి తరమడమే అనుకుంటాం. ఎవరూ తరమకుండానే, ఏ గుమాస్తాకీ చెడ్డ ఉద్దేశం లేకుండానే, ఒక్కో గడి ఖాళీగా మిగిలిపోవడం వల్ల మనిషి వెలి అయిపోవచ్చు.

ఒక్కడికి ఎన్ని బియ్యం?

కాగితాల సంగతి ఎలాగోలా సర్దుకున్నా, బతకడం నేర్చుకోవడం ఇంకా మిగిలే ఉంటుంది. ఐటీఐలో ఫిట్టరు కోర్సు చేసి జీడిమెట్లలో పనికి చేరిన ఒక కుర్రవాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “మేడమ్, ఒక్కడికి ఎన్ని బియ్యం పొయ్యాలి?” హోములో వంటగది వాడికి బాగా తెలుసు. ఆదివారాలు కూరగాయలు తరిగేవాడు. బస్తా విప్పడం, గంగాళం దించడం, గరిటె తిప్పడం చూశాడు. వందమందికి వండటం చూస్తూ పెరిగినవాడికి గ్లాసుడు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్ళో తెలియదు. మొదటి నెల జీతంలో సగం బిర్యానీ పాయింట్ల పాలైంది.

డబ్బు విషయమూ అంతే. హోములో సబ్బు ఇస్తారు, బట్టలు ఇస్తారు, కరెంటు బిల్లన్నది ఎప్పుడూ కంటపడదు. లేవడానికి గంట, తినడానికి గంట, పడుకోవడానికి గంట. ఏ నిర్ణయమూ తనది కాకుండా పదేళ్ళు గడిపిన పిల్లవాడిని ఒక ఉదయం గేటు బయట నిలబెట్టి, ఇక అన్నీ నువ్వే చూసుకో అంటాం. మొదటి జీతం రాగానే సెల్‌ఫోను వాయిదాల మీద కొంటాడు. స్నేహితుడికి అప్పిస్తాడు. అద్దె బాకీ పడతాడు. ఓనరు తాళం వేస్తే సంచీ పట్టుకుని రోడ్డున పడతాడు. మన ఇంటి కుర్రాడు ఈ తప్పులన్నీ చేసి, నాన్న చేత నాలుగు చీవాట్లు తిని, అమ్మ దగ్గర వెయ్యి పుచ్చుకుని గట్టెక్కుతాడు. తప్పు చేసి కూడా ఇంటికి వెళ్ళగలగడం ఎంత పెద్ద ఆస్తో ఆస్తిపాస్తుల లెక్కలో ఎవరూ రాయరు.

చట్టం ఏం ఇస్తోంది?

చట్టం ఈ సంగతి మరిచిపోయిందంటే అన్యాయం అవుతుంది. రాజ్యాంగంలోని 39వ అధికరణం బాల్యాన్నే కాదు, యౌవనాన్ని కూడా దోపిడీ నుంచీ, దిక్కులేనితనం నుంచీ కాపాడమని రాజ్యానికి చెప్పింది. ఆ రాజ్యాంగం రాసిన సభలో దుర్గాబాయమ్మ సభ్యురాలు. 1986, 2000, 2015 సంవత్సరాల బాల న్యాయ చట్టాలు మూడింటిలోనూ ఆఫ్టర్ కేర్ ప్రస్తావన ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న 2015 చట్టం 46వ సెక్షన్, సంస్థల్లోంచి బయటికొచ్చే యువతకి ఆర్థిక సాయం చేయవచ్చంటోంది. చట్టం ప్రకారం 21 ఏళ్ళ దాకా, నియమాల ప్రకారం ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా.

2016లో వచ్చిన నమూనా నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. ఆరుగురి నుంచి ఎనిమిదిమంది దాకా కలిసి ఉండేలా తాత్కాలికంగా ఇల్లు ఏర్పాటు చేయాలి. పని నేర్చుకునేటప్పుడు స్టైపెండు ఇవ్వాలి. ఉద్యోగం దొరికేదాకా చూడాలి. క్రమం తప్పకుండా కలుస్తుండే కౌన్సెలర్ ఉండాలి. సొంత వ్యాపారం పెట్టుకునేవాళ్ళకి అప్పు ఇప్పించాలి. ఎవరో ఈ పిల్లల మధ్య తిరిగి, ఆలోచించి రాసిన నియమాలివి. డబ్బు విషయానికొస్తే, కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద ఆఫ్టర్ కేర్‌లో ఉన్నవారికి నెలకి 4000 రూపాయలు.

మరి లోపం ఎక్కడ? మొదటిది, చట్టం దీన్ని హక్కుగా ఇవ్వలేదు. వెసులుబాటుగా ఇచ్చింది. నిధులుంటే, అధికారికి మనసుంటే, పిల్లకి ఆ సంగతి తెలిసి అడిగితే వస్తుంది. పింఛను రాకపోతే ముసలమ్మ కలెక్టరాఫీసు ముందు కూర్చుంటుంది. ఆఫ్టర్ కేర్ రాలేదని అర్జీ పట్టుకుని కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్లని మీరెప్పుడైనా చూశారా? రెండోది, నాలుగు వేలు ఖాతాలో పడితే పని అయిపోయినట్టు లెక్క. నియమాలు చెప్పిన ఇల్లు, మనిషి కాగితాల్లోనే ఉండిపోతున్నాయి. డబ్బు పంపడం తేలిక, మనిషిని పంపడం కష్టం.

మూడో లోపం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. సాయంలో కూడా పంక్తి భేదం ఉంది. కోవిడ్‌తో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకి పీఎం కేర్స్ పథకం 18 నుంచి 23 ఏళ్ళ దాకా నెలనెలా సాయం, 23 నిండగానే 10 లక్షల రూపాయలు ఇస్తుంది. ఇవ్వవలసిందే. అదే నెలలో అమ్మానాన్నలని లారీ పొట్టనపెట్టుకుంటే ఆ పిల్ల ఈ పథకంలోకి రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి అనాథల్ని బీసీ-ఏ జాబితాలో చేర్చుకున్నాం, అది మన ప్రభుత్వాలు చేసిన మంచి పని. అందులోనూ పదేళ్ళ లోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని ఉండాలన్న షరతు ఉంది. పదకొండో ఏట అనాథ అయిన పిల్ల బయటే. తండ్రి ఎక్కడో బతికే ఉన్నాడన్న అనుమానం ఉన్న పిల్లా బయటే. దుఃఖానికి కారణాన్నీ వయసునీ బట్టి గీత గీసే లెక్క ఇది.

పెళ్ళి పునరావాసం కాదు

ఆడపిల్లల విషయంలో మన సంస్థలకి తట్టే పరిష్కారం పెళ్ళి. పద్దెనిమిది నిండుతున్నాయనగానే సంబంధాలు చూడటం మొదలవుతుంది. వరసగా దరఖాస్తులు వస్తాయి. పిల్ల అందం, వంట, అణకువ అడుగుతారు, కట్నం వద్దంటారు, దాన్నే గొప్ప ఆదర్శంగా పత్రికల్లో వేస్తారు. పెద్దమనుషులు కన్యాదానం చేసి ఫొటోలు దిగుతారు. అందులో చల్లగా సాగిన కాపురాలు ఉన్నాయి, కాదనను. నేనడిగేది వేరు. ఆరు నెలలకి ఆ పిల్ల ఒంటి మీద దెబ్బలతో బయటికొస్తే ఏ పుట్టింటికి రావాలి? కన్యాదానం చేసిన పెద్దమనిషి ఫోను ఎత్తుతాడా?

ఇక్కడ దుర్గాబాయమ్మ జీవితం మనకి పాఠం చెబుతుంది. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆ పిల్లకి ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ బంధం తనకి వద్దనుకుంది. ఆ నాటి గోదావరి జిల్లాలో ఆ మాట అనడమే సాహసం. అప్పుడు ఆమె తండ్రి, తమ్ముడు ఆమె వెనక నిలబడ్డారు. ఉప్పు సత్యాగ్రహం, జైలు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., మద్రాసులో లా పట్టా, రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం అన్నీ ఆ తర్వాతే. ఆమె ధైర్యం ఆమెదే. ఆ ధైర్యం నిలవడానికి వెనక ఒక ఇల్లుంది. ఆ ఇల్లే లేకపోతే ఆమె సంగతి ఏమయ్యేది? మన హోముల్లోంచి బయటికొచ్చే ఆడపిల్లల్లో అంతటి తెలివీ అంతటి పట్టుదలా ఉన్నవాళ్ళు లేరనుకుంటున్నామా?

ఆ ఇల్లు లేనివాళ్ళకి తానే ఇల్లయ్యే పని ఆమె తర్వాత జీవితమంతా చేసింది. మద్రాసు మైలాపూరులో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి చదివించింది. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. సంక్షేమ బోర్డులో ఉండగా 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టించింది. ఏళ్ళ చదువుని కుదించి చెప్పి పరీక్షకి కూర్చోబెట్టే ఆ పద్ధతి వల్ల ఎందరో వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు టీచర్లయ్యారు, నర్సులయ్యారు. ‘ఒకసారి బడి మానేశావు కదా’ అన్నమాట ఆమె నిఘంటువులో లేదు. నేటి హోముల ఆడపిల్లలకి పెళ్ళి ఏర్పాటు చేసేంత శ్రద్ధతో, ఆగిన చదువు అందిపుచ్చుకునే ఏర్పాటు చేస్తే అది ఆమెకి అసలైన స్మారకం.

తప్పుచేసిన పిల్లలు

సభల్లో ఎవరూ ప్రస్తావించని ఇంకో గుంపు ఉంది. దొంగతనంలోనో కొట్లాటలోనో పట్టుబడి అబ్జర్వేషన్ హోమ్ గడప తొక్కిన కుర్రాళ్ళు. 2015 చట్టం 24వ సెక్షన్ వీళ్ళకి ఒక మేలు చేసింది. పెద్దల్లాగే విచారించిన తీవ్ర నేరాల కేసుల్లో తప్ప, బాల్యంలో చేసిన నేరం వల్ల ఆ పిల్లవాడికి తర్వాత ఏ అనర్హతా అంటకూడదు. అప్పీలు గడువు తీరాక రికార్డులు ధ్వంసం చేయాలి. అంటే కొత్త పలక ఇచ్చారన్నమాట.

వీధిలో మాత్రం పాత పలకే నడుస్తుంది. పేటలో బండి పోతే పోలీసు మొదట ఆ కుర్రాడి ఇంటికే వస్తాడు. రికార్డు చింపేశారు, కానిస్టేబుల్ జ్ఞాపకాన్ని ఎవరు చింపుతారు? మెకానిక్ షెడ్డు యజమాని కూడా రెండోసారి స్టేషన్‌కి పిలిచాక కుర్రాణ్ణి మాన్పిస్తాడు. పనిపోయినవాణ్ణి మళ్ళీ ఆదరించేది పాత స్నేహాలే. ఈ చక్రం ఆగాలంటే, స్టేషన్‌కి వాడితో పాటు నడిచి వెళ్ళి, “సార్, ఈ అబ్బాయి నా మనిషి, ఏదైనా ఉంటే నాకు చెప్పండి” అనగల ఒక పెద్ద కావాలి. అలాంటి మాట ఒక్కటి పడ్డాక ఎస్సై స్వరం మారిపోవడం నేను చూశాను. అండ అనేది ఎంత మామూలు పదార్థమో, ఎంత అరుదైనదో ఆ క్షణంలో తెలిసింది.

‘ఎన్నాళ్ళు పెంచుతాం?’

ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పద్దెనిమిది దాటాక మేజరు కదా, పేదింటి పిల్లలు పదిహేనేళ్ళకే పనికి పోవడం లేదా, అంటారు. పేదింటి పిల్లవాడి కష్టం నాకు తెలుసు. అయినా వాడికి రేషన్ కార్డులో పేరుంది. జ్వరమొస్తే గంజి కాచే అమ్మ ఉంది. మేస్త్రీ పనికి చేర్చే బాబాయి ఉన్నాడు. నిలవ నీడ లేకపోయినా నా అన్నవాళ్ళున్నారు. ఇక మన ఇళ్ళ సంగతి చూడండి. ఇంజనీరింగు, పీజీ, పోటీ పరీక్షలు, ఆ పైన అమెరికా ఖర్చు. పాతికేళ్ళు దాటిన కొడుక్కి నెలనెలా డబ్బు పంపని మధ్యతరగతి తండ్రి ఎక్కడున్నాడు? వెనక ఏ దన్నూ లేని పిల్లకే పద్దెనిమిదో ఏట స్వయం సమృద్ధి రావాలనడం, పందిరి ఉన్న తీగకి ఇంకో గుంజ పాతి పందిరే లేని తీగని నీ కాళ్ళ మీద నువ్వు నిలబడమన్నట్టు ఉంటుంది.

ఖర్చు అంటారా? నెలకి 4000 చొప్పున ఏడాదికి 48,000. పద్దెనిమిది నుంచి పాతిక దాకా ఏడేళ్ళు ఇస్తే ఒక్కొక్కరికి 3,36,000. పదేళ్ళు పోషించి, చదివించి, చివరి మెట్టు మీద వదిలేస్తే అంతకు ముందు పెట్టినదంతా వృథా. పైరు పొట్టకొచ్చాక నీళ్ళు ఆపే రైతుని ఎవరూ పొదుపరి అనరు.

ఇతరులు చేసి చూపించారు. హిమాచల్ ప్రదేశ్ 2023లో ‘సుఖ్ ఆశ్రయ్’ చట్టం తెచ్చి, అనాథ పిల్లల్ని రాష్ట్రపు బిడ్డలుగా ప్రకటించి, 27 ఏళ్ళ దాకా చూసే బాధ్యత నెత్తికెత్తుకుంది. మహారాష్ట్ర 2018లో అనాథలకి చదువుల్లో, ఉద్యోగాల్లో 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఇంగ్లండులో సంరక్షణలోంచి బయటికొచ్చే యువతకి వ్యక్తిగత సలహాదారుణ్ణి కేటాయించే పద్ధతి 2000 నాటి చట్టంతో వచ్చింది. 2017 చట్టం ఆ తోడుని 25 ఏళ్ళ దాకా పొడిగించింది. అక్కడా అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, రోడ్డున పడేవాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ ‘నీ మనిషి ఎవరు?’ అని అడిగితే చెప్పడానికి ఒక పేరైనా ఉంది.

ఏం చెయ్యాలి?

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనీ నేను అడిగేవి కొత్త భవనాలు కావు. హోములో ఉన్న ప్రతి పిల్లకీ పదిహేనో ఏటి నుంచే బయటి బతుకు నేర్పడం మొదలవ్వాలి. బ్యాంకుకి వెళ్ళి చలానా నింపడం, సంతలో బేరమాడటం, ఒక్కరికి అన్నం వండుకోవడం, బస్సు మారి వెళ్ళి రావడం. హోము రూల్సులో ఇవి చాలావరకు నిషిద్ధాలు. ముందు ఆ భయం పోవాలి. ప్రతి పిల్లకీ రాయవలసిన వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో ఈ నేర్పులకి చోటుండాలి.

గేటు దాటే రోజుకి ఆధార్‌లో సొంత ఫోన్ నంబరు, సొంత పేరున నడిచే బ్యాంకు ఖాతా, ఒకే పుట్టినతేదీ ఉన్న కాగితాలు, కులం సర్టిఫికెట్, ఓటరు నమోదు, ఆరోగ్య కార్డు, వీటన్నిటితో ఒక ఫైలు చేతికి రావాలి. పదవీ విరమణ చేసే ఉద్యోగికి ముందే పింఛను కాగితాలు సిద్ధం చేసే యంత్రాంగానికి ఇది చేతకాని పనేం కాదు. బీసీ-ఏ షరతులోని పదేళ్ళ గీతని పద్దెనిమిదికి జరపాలి. ఆఫ్టర్ కేర్ వయసుని 25కి పెంచి, హక్కుగా రాయాలి. ఒకసారి వద్దని వెళ్ళిపోయిన పిల్ల ఏడాది తర్వాత తిరిగొస్తే తలుపు తెరిచే ఉండాలి. ఇల్లు వదిలి అలిగి వెళ్ళిన కూతురు తిరిగొస్తే మనం దరఖాస్తు అడగం కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది మనిషి. ప్రతి యువకుడికీ యువతికీ పేరుతో సహా ఒక తోడు ఉండాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఆ తోడుగా ఉండేవాళ్ళని పరీక్షించి, శిక్షణ ఇచ్చి, కలపాలి. ఇంతకుముందు హోముల్లో పెరిగి నిలదొక్కుకున్నవాళ్ళు ఈ పనికి అందరికంటే తగినవాళ్ళు. ఏ ఆఫీసులో ఏమంటారో, ఏ పండగ పూట గొంతు పూడుకుపోతుందో వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇలాంటివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుని సంఘాలుగా కూడుతున్నారు. వాళ్ళకి జీతమిచ్చి పని అప్పగించాలి. వేదికెక్కించి కథ చెప్పించి శాలువా కప్పి పంపడం ఇంక చాలిద్దాం.

మనవంతు సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్ళలో పుట్టినరోజుకీ, పెద్దల తద్దినానికీ హోముకి వెళ్ళి ఒక పూట భోజనం పెట్టించడం మంచి అలవాటుగా సాగుతోంది. పిల్లలు వరసలో కూర్చుని, తెలియని వాళ్ళ కేకు ముందు చప్పట్లు కొట్టి, ఫొటోకి నవ్వుతారు. పన్నెండేళ్ళ పిల్లకి అన్నం పెట్టడానికి ఇంతమంది ముందుకొస్తున్నాం. ఇరవై రెండేళ్ళ పిల్ల ఇంటి అద్దెకి పూచీ సంతకం పెట్టడానికి ఒక్కళ్ళం రావడం లేదు. దానికి ఖర్చు తక్కువ, పుణ్యమూ తక్కువేం కాదు. కావలసిందల్లా ఏళ్ళ తరబడి ఫోనెత్తే ఓపిక.

ఈ సభలో ఉద్యోగాలిచ్చే స్థితిలో ఉన్నవాళ్ళున్నారు, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, వకీళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు ఉన్నారు. మీ జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఆఫీసు ఎక్కడుందో కనుక్కోండి. వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఏడాది ఇక్కడి హోముల్లో ఎందరికి పద్దెనిమిది నిండుతున్నాయి? వాళ్ళలో ఎందరికి ఆఫ్టర్ కేర్ మంజూరైంది? కిందటేడు వెళ్ళినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? మొదటిదానికి జవాబు దొరుకుతుంది. రెండోదానికి ఫైలు వెతుకుతారు. మూడోదానికి జవాబు వచ్చేదాకా వదలకండి. 1954లో దుర్గాబాయమ్మ బోర్డు వేసిన ప్రశ్న అదే. దాన్ని సమాచార హక్కు దరఖాస్తుగా రాయడానికి ఒక పేజీ చాలు, పది రూపాయల ఫీజు చాలు. వచ్చే ఏడాది ఇక్కడ నిలబడే వక్త మీరు తెచ్చిన జవాబులతో మొదలుపెట్టాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.